గుళికలు కరిగాయి, మందు విరిగిందా?

నెల్లూరు జిల్లాలో కాలువ చివరి భూముల దాకా పోతే, వరిమడి ఎక్కడ ఆగిందో రొయ్యల గుంట ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చాలాచోట్ల రెండింటికీ మధ్య ఉండేది ఒక గట్టు, ఒక మురుగుకాలువ. మడిలో పురుగుమందు గుళికలు చల్లి నీళ్లు వదిలితే అవి మురుగుకాలువలోకి, అక్కడి నుంచి ఉప్పుటేరులోకి పోతాయి. సముద్రం పోటుమీద ఉంటే కొంత వెనక్కీ వస్తాయి. గుంటలో రొయ్యలు తేలితే వినపడే మొదటి మాట "పైనుంచి మందు నీళ్లొచ్చాయి" అనే. వరి రైతు జవాబూ సిద్ధంగా ఉంటుంది: "ఆ మందు ఎప్పుడో కరిగిపోయుంటుంది."

ఈ "కరిగిపోవడం" అనే మాటలోనే చిక్కంతా ఉంది. మన మాటలో కరిగిపోవడమంటే లేకుండా పోవడం. నీటిలో మాత్రం మందు కరగడం వేరు, విరగడం వేరు. గుళిక కరిగినప్పుడు విషం నీటిలోకి వస్తుంది. అప్పుడే అది పని మొదలుపెడుతుంది. ఆ విషపు అణువు విరిగి రెండు ముక్కలైతేనే దాని పని ఆగుతుంది. ఈ రెండింటి మధ్య కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని నెలలూ పట్టవచ్చు.

మనం గుళికలంటున్న కార్బోఫ్యురాన్, ఒకప్పుడు ప్రతి మందుల కొట్లో దొరికిన సెవిన్ పొడి అనే కార్బరిల్ ఒకే కుటుంబానివి. దాని పేరు కార్బమేట్లు. ఈ కుటుంబానికి మూలం ఒక తీగ మొక్క గింజ. పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో నేరం మోపిన మనిషి చేత ఒక గింజ తినిపించేవారు. బతికితే నిర్దోషి, చస్తే దోషి. ఆ గింజలోని విషాన్ని 1864లో వేరుచేసి ఫైసోస్టిగ్మిన్ అని పేరు పెట్టారు. 1935లో అమెరికా రసాయనికుడు పెర్సీ జూలియన్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపించాడు. నరాల్లో ఒక కబురు చేరాక దాన్ని ఆపే ఎంజైమ్ ఒకటుంటుంది. ఈ విషం ఆ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, కండరాలు కొట్టుకుని కొట్టుకుని చచ్చుబడతాయి. పురుగుకైనా, పక్షికైనా, రొయ్యకైనా, మనిషికైనా ఇదే జరుగుతుంది.

1940ల చివర్లో స్విట్జర్లాండ్‌లోని గైగీ కంపెనీ రసాయనికులు ఈ నమూనాతో పురుగుమందులు చేయడం మొదలుపెట్టారు. 1958లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ కార్బరిల్‌ను సెవిన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. 1960ల చివర్లో ఎఫ్‌ఎంసీ కంపెనీ కార్బోఫ్యురాన్ వచ్చింది. ఫ్యూరడాన్ అన్న పేరు ఇప్పటికీ మన ఊళ్లలో వినపడుతుంది. డీడీటీ అనే పురుగుమందు ఏళ్ల తరబడి మట్టిలో, కొవ్వులో పేరుకుపోతుందని ప్రపంచం భయపడుతున్న కాలమది. కార్బమేట్లు నీటిలో విరిగిపోతాయన్నదే వాటికి పెద్ద మంచిపేరు. సరిగ్గా అదే సమయంలో, 1966లో ఐఆర్-8 వరి విడుదలైంది. నెల్లూరు మొలగొలుకుల లాంటి పొడుగు పైర్లు పోయి పొట్టి రకాలు వచ్చాయి. ఎరువు పెరిగింది, పైరు గుబురైంది, దానితో పాటే కాండం తొలిచే పురుగు, ఉల్లికోడు, దోమ. నారు పీకడానికి వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాములు, నాటిన మడిలో ఎకరానికి 10 కిలోలు కార్బోఫ్యురాన్ 3జి గుళికలు చల్లమన్న సిఫార్సు వరి రైతుకు నోటికొచ్చిన పాఠమైపోయింది.

ఇక అణువు ఎలా విరుగుతుందో చూద్దాం. కార్బమేట్ నడుమ ఒక కర్బన పరమాణువు ఉంటుంది. దానికి ఒకవైపు నత్రజని, ఇంకోవైపు ఆక్సిజన్ ద్వారా పెద్ద ఉంగరం లాంటి భాగం అతుక్కుని ఉంటాయి. ఆ నత్రజని మీద ఒక హైడ్రోజన్ ఉంది. నీరు క్షారగుణంలో ఉంటే ఆ హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. అది పోగానే ఉంగరం భాగం ఊడిపోతుంది. కార్బరిల్ అయితే నాఫ్తాల్, కార్బోఫ్యురాన్ అయితే ఒక ఫినాల్ మిగులుతుంది. రెండో ముక్క మిథైల్ ఐసోసయనేట్. అది నీటిలో నిలవదు. వెంటనే నీటితో కలిసి మిథైలమైన్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది.

ఆ రెండో ముక్క పేరు మన దేశం ఎప్పటికీ మరవదు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో చిమ్మిన ఎంఐసీ అదే. సెవిన్ తయారీ కోసమే దాన్ని అక్కడ నిల్వ చేశారు. ఆ ట్యాంకులోకి నీరు చేరింది. మన కాలువలో కంటికి కనపడని మోతాదులో నిశ్శబ్దంగా జరిగే చర్యే అక్కడ దాదాపు 40 టన్నుల మధ్య జరిగింది. వేడి, పీడనం పెరిగి సేఫ్టీ వాల్వు తెరుచుకుని విషవాయువు చిమ్మింది, ఊరు ఊరే ఊపిరాడక పోయింది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఎంత తొందరగా విరుగుతుందన్నది పీహెచ్‌ను బట్టి ఉంటుంది. 7 కంటే తక్కువైతే నీరు ఆమ్లం వైపు, ఎక్కువైతే క్షారం వైపు. ప్రయోగశాలలో 25 డిగ్రీల దగ్గర చూస్తే కార్బరిల్‌లో సగం విరగడానికి పీహెచ్ 7లో 10 నుంచి 12 రోజులు పడుతుంది, పీహెచ్ 9లో సుమారు 3 గంటలు చాలు. పీహెచ్ 5లో అయితే అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కార్బోఫ్యురాన్ ఇంకొంచెం మొండిది: పీహెచ్ 7లో సగానికి దాదాపు 28 రోజులు, 9లో సుమారు 15 గంటలు. ఉజ్జాయింపుగా పీహెచ్ ఒక అంకె పెరిగితే వేగం పది రెట్లవుతుంది. వేడి పెరిగినా వేగం పెరుగుతుంది కాబట్టి మే నెల ఎండ మనకు కొంత మేలే చేస్తుంది.

దీన్ని మన మడిలోకి తెచ్చి లెక్కేద్దాం. 3జి గుళికలో మందు 3 శాతం, కాబట్టి ఎకరానికి 10 కిలోల గుళికలంటే అసలు మందు 300 గ్రాములు. రెండు అంగుళాల నీరుంటే ఎకరంలో దాదాపు రెండు లక్షల లీటర్లు. మందంతా కరిగితే లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము. కొన్ని రొయ్య జాతులకు లీటరులో కొద్ది మైక్రోగ్రాములే ప్రాణం తీస్తాయి. అంటే దాదాపు మూడు వందల రెట్లు తగ్గాలి, సగం సగం చొప్పున ఎనిమిది సార్లు. ఒక్క నీటి వల్లనే విరగాలంటే పీహెచ్ 9లో ఐదు రోజులు, 8లో మూడు వారాల పైన, 7లో ఏడు నెలల పైమాటే. ఎండ, మట్టి, సూక్ష్మజీవులు, మురుగుకాలువలో కలిసే నీరు తోడవుతాయి కాబట్టి నిజానికి ఇంతకాలం పట్టదు. అయినా మందు ఒకటే, మోతాదు ఒకటే అయినప్పుడు ఐదు రోజులకూ ఏడు నెలలకూ మధ్య ఇంత తేడా నీటి గుణం వల్లే వస్తోంది.

మడి నీరు కూడా రోజంతా ఒకేలా ఉండదు. పగలు పాచి ఎండలో పెరుగుతూ నీటిలోని బొగ్గుపులుసు వాయువును తాగేస్తుంది. దాంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా కూడా పోతుంది, రాత్రికి దిగుతుంది. రొయ్యల రైతులకు ఇది చెప్పక్కర్లేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కిట్ పెట్టి చూసుకుంటూనే ఉంటారు. ముసురు పట్టిన వారంలో ఈ ఎగుడుదిగుడు తగ్గిపోతుంది, మందు విరగడమూ నెమ్మదిస్తుంది. మురుగుకాలువలు నిండి పారేది కూడా ఆ వారంలోనే.

రొయ్యకు దీనివల్ల ఎంత ముప్పో అమెరికాలో తెలిసే వాడారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని విల్లాపా ఖాతంలో బొరియలు చేసే రొయ్యలు ఆల్చిప్పల సాగును పాడుచేస్తున్నాయని 1960ల నుంచి దశాబ్దాల పాటు సెవిన్ చల్లారు, రొయ్యలను చంపడానికే.

నీరు ఆమ్లం వైపు ఉంటే ఏమవుతుందో కూడా అక్కడే తెలిసింది. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో బంగాళదుంప చేలకు ఆల్డికార్బ్ అనే ఇంకో కార్బమేట్ గుళికలు వేశారు. అక్కడి నేల ఇసుక, భూగర్భజలం చల్లన, ఆమ్ల గుణం. 1979లో పరీక్షలు మొదలుపెడితే వెయ్యికి పైగా బావుల్లో హద్దు దాటి మందు బయటపడింది. కొత్తపట్నం, సింగరాయకొండ తీరంలోని ఇసుక పొలాలు చూసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. మన నీరు అంత చల్లన కాదు, అంత ఆమ్లమూ కాదు. కానీ ఇసుక నేల మందును పట్టి ఉంచదు, వానకు కిందికి దింపేస్తుంది. కిందికి దిగిన మందుకు ఎండ తగలదు, సూక్ష్మజీవులూ తక్కువ.

కార్బమేట్ అన్న పేరు చూసి అన్నీ ఒకే తీరున విరుగుతాయనుకోకూడదు. మిరపకు, వేరుశనగ విత్తనశుద్ధికి వాడిన కార్బెండజిమ్ అనే తెగులు మందు కూడా ఈ కుటుంబానిదే. పీహెచ్ 7 నీటిలో అది ఏడాదిలో సగం కూడా విరగదు, 9లో సగానికి నాలుగు నెలలు పడుతుంది. మనం ఎం-45 అనే మాంకోజెబ్ దూరపు చుట్టం. అది ఒకటి రెండు రోజుల్లో విరుగుతుంది గానీ ఇథిలీన్ థయోయూరియా అనే ముక్కను మిగిలిస్తుంది. అది నీటిలో తల్లికంటే ఎక్కువకాలం ఉంటుంది. కార్బరిల్ నుంచి వచ్చే నాఫ్తాల్ కూడా కొన్ని చేపలకు కార్బరిల్ కంటే ఎక్కువ హాని చేస్తుంది. విరిగిందంటే అన్నిసార్లూ పీడ వదిలినట్టు కాదు.

మన దేశంలో దీని మీద మంచి పని కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో జరిగింది. 1970ల్లో శాస్త్రవేత్త సేతునాథన్ బృందం నీరు నిలిచిన వరి నేలల్లో కార్బోఫ్యురాన్ ఎలా విరుగుతుందో గమనించింది. ఒకసారి మందు రుచి మరిగిన నేలలో సూక్ష్మజీవులు మరుసటిసారి దాన్ని తొందరగా తినేస్తాయి. అందుకే ఏటా అవే గుళికలు వేసే మడిలో "ఈసారి మందు పనిచేయలేదు" అనే మాట వస్తుంది. కొట్లో కల్తీ మందు అంటగట్టారని మనం అనుకుంటాం. కల్తీ ఉండొచ్చు, లేక మన నేలే దాన్ని తినడం నేర్చుకుని ఉండొచ్చు. మోతాదు పెంచితే మాత్రం ఆ పెంచినదంతా మురుగుకాలువ వైపే.

అమెరికాలో పక్షుల చావుల వల్ల కార్బోఫ్యురాన్ గుళికలను 1990ల మొదట్లోనే చాలావరకు ఆపారు. 2009లో అక్కడ పండే తిండి పంటల మీద దాని అవశేషాలకు అనుమతి తీసేశారు. మన కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో కార్బరిల్‌ను నిషేధించింది. 2023లో మెథోమిల్ అనే ఇంకో కార్బమేట్‌ను నిషేధిస్తూ, కార్బోఫ్యురాన్‌లో 3 శాతం పూత గుళికను మాత్రం ఉంచి మిగతా రూపాలు ఆపమంది.

పూత గుళిక మందును లోపల దాచుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. చల్లే చేతికి, గింజనుకుని తినే పక్షికి అది కొంత రక్షణ. నీటి లెక్కలో మాత్రం ఒక మార్పు వస్తుంది. పైన చెప్పిన గంటలు, రోజులు నీటిలో కరిగిన మందుకే వర్తిస్తాయి. పూత లోపలున్నది ఇంకా నీటిని చూడలేదు, దాని గడువు ఇంకా మొదలు కాలేదు. కాబట్టి చల్లిన రోజు నుంచి లెక్కపెట్టి మడవ తీస్తే చాలదు. గట్టు అవతల రొయ్యల గుంటకు నీళ్లు తోడుకునే రైతు "ఎప్పుడు చల్లావన్నా?" అని అడగడంతో పాటు, చేతిలో ఉన్న కిట్‌తో ఆ మురుగుకాలువ నీటి పీహెచ్ కూడా చూసుకోవాలి. అది 7 దగ్గర చూపిస్తే ఆ రోజుకు మోటారు వేయకపోవడమే మంచిది.