లెక్కల టీచర్ల స్టడీ గ్రూపులు: అపోహలు - వాస్తవాలు

"గణిత పరిశోధకుల పక్కన కూర్చోవాలంటే భయమండీ, నాకేమీ రాదని తెలిసిపోతుంది." టీచర్లూ గణిత పరిశోధకులూ కలిసి కూర్చుని లెక్కలు చేసే కొత్త స్టడీ గ్రూపు మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒక టీచర్ నన్ను పక్కకు పిలిచి ఈ మాట చెబుతారు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లకూ ఈ టెన్షన్ ఉంటుంది. దీనివల్లే ఎంతోమంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పరిశోధకులకు అన్నీ తెలుసు. మనం తప్పు చెబితే పరువు పోతుంది.

వాస్తవం: తప్పులు చేయడం, దిద్దుకోవడం వాళ్లకు రోజూ ఉండే పనే. మూడు శతాబ్దాలకు పైగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించానని గణితజ్ఞుడు ఆండ్రూ వైల్స్ 1993లో ప్రకటించాక అందులో లోపం బయటపడింది. రిచర్డ్ టేలర్‌తో కలిసి దాన్ని సరిచేసేసరికి 1994 వచ్చింది.

ఒక సెషన్‌లో నేనిచ్చిన లెక్క ఇది: వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలిపితే లోపల గరిష్ఠంగా ఎన్ని ముక్కలవుతాయి? రెండు బిందువులకు 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి 32 అని చాలామంది గీయకుండానే రాసేశారు. గీసి చూస్తే 31 దాటలేదు. వెనక కూర్చున్న ఒక టీచర్‌కైతే 30 వచ్చింది. లెక్క తప్పానని ఆవిడ కాగితం మడిచి పుస్తకం కింద పెట్టేశారు. పక్కనున్న పరిశోధకుడు "ఏదీ, ఒకసారి చూపించండి మేడం" అని అడిగి తీసుకున్నాడు. ఆవిడ తప్పేమీ లేదు. ఆరు బిందువులనూ సమాన దూరంలో పెట్టడంతో, ఎదురెదురు బిందువులను కలిపే మూడు గీతలూ సరిగ్గా కేంద్రంలో కలిశాయి. అక్కడ రావాల్సిన చిన్న త్రిభుజం రాలేదు. ప్రశ్నలో 'గరిష్ఠంగా' అన్న మాట ఎందుకుందో ఆ కాగితం చూశాకే మాకందరికీ అర్థమైంది. మిగిలిన సమయమంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

ఇదీ మరో ట్రైనింగే అనేది ఇంకో పుకారు. విని విసుగొచ్చింది. ట్రైనింగ్‌లో ఒకరు చెబితే మిగతావాళ్లు రాసుకుంటారు. ఇక్కడ టీచర్లూ పరిశోధకులూ ఒకే లెక్క మీద కుస్తీ పడతారు. 2006లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో మొదలైన 'మ్యాథ్ టీచర్స్ సర్కిల్' అనే ఇలాంటి గ్రూపు ఉద్దేశం కూడా ఇదే.

సిలబస్‌కు పనికిరాదంటారా? ఆ వృత్తం లెక్క రేపు క్లాసులో చెప్పకపోవచ్చు. కానీ పిల్లవాడు 30 అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసే ముందు "ఎలా వచ్చింది?" అని అడుగుతాం.

ప్రైమరీ టీచర్లకు ఇవి అందవన్నది పూర్తిగా తప్పు. నా గ్రూపులో "అది స్పష్టమే కదా" అని పరిశోధకులు దాటేసిన చోట "ఎందుకు?" అని ఆపేది ఎక్కువగా వాళ్లే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక్కోసారి సెషన్ మొత్తం పట్టింది.