41 వేల మంది, ఒకే షీటు: ఆన్‌లైన్ కోర్సుల గ్రూపుల పేచీ వెనుక కథ

సెమిస్టర్ మొదలైందంటే ఆన్‌లైన్ డిగ్రీల్లో పాత పేచీ మళ్లీ లేస్తుంది. సందేహాలుంటే కోర్సు ఫోరంలోనే, అంటే కోర్సు సైటులోని చర్చావేదికలోనే, అడగాలని అధ్యాపకులు అంటారు. పిల్లలు అప్పటికే వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో గ్రూపు పెట్టేసుకుని ఉంటారు. అసైన్‌మెంట్ జవాబులు చేతులు మారాయని ఫిర్యాదు వస్తుంది, గ్రూపులు మూసేయమని నోటీసు వస్తుంది, మర్నాటికల్లా ఇంకో లింకు తిరుగుతూ ఉంటుంది.

కరస్పాండెన్స్ కోర్సుల కాలం, కరోనా నాటి జూమ్ క్లాసులు అందరూ ఎరిగినవే, వాటి జోలికి పోను. ఈ పేచీకి అసలు ముడి 2013లో ఒక్క వారంలో పడిందని నా లెక్క.

ఆ ఏడాది జనవరి 28న ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో, అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం వారి కోర్సు ఒకటి మొదలైంది. చేరినవాళ్లు దాదాపు 41 వేల మంది. ఇంతమందిలో ఎవరికి ఎవరు తెలుస్తారు? చిన్న చిన్న గ్రూపులుగా విడిపోతే నలుగురూ మాట్లాడుకుంటారన్నది నిర్వాహకుల ఆలోచన. మంచి ఆలోచనే. అందుకు ఎంచుకున్న దారి మాత్రం గూగుల్ స్ప్రెడ్‌షీట్: ఎవరికి వారే తెరిచి, నచ్చిన గ్రూపు కింద పేరు రాసుకోవాలి. ఆ షీటులో ఒకేసారి రాయగలిగేది 50 మంది. అది కూలింది, ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ఫిబ్రవరి 2న కోర్సునే ఆపేశారు. ఇంతకీ ఆ కోర్సు దేని గురించి? ఆన్‌లైన్ కోర్సు ఎలా నడపాలన్నదాని గురించే! నవ్వనివాళ్లు లేరు.

నవ్వుల మధ్య తప్పు పాఠం ఒకటి స్థిరపడిపోయింది. చెడింది షీటు, చెడ్డపేరు గ్రూపులకు వచ్చింది. వీడియో, క్విజ్, చివర్లో అందరికీ కలిపి ఒక ఫోరం అన్న మూసే నిలబడింది.

అంతకు ఐదేళ్ల ముందు, 2008లో, కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సు ఇందుకు పూర్తిగా వేరు. ఫీజు కట్టినవాళ్లు 25 మంది, ఉచితంగా చేరినవాళ్లు దాదాపు 2,200. ఎవరి బ్లాగులో వాళ్లు రాసుకునేవారు. ఆ రాతలన్నిటినీ ఏరి రోజూ ఒక ఉత్తరంగా పంపేవారు. ఆన్‌లైన్ క్లాసులు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫోరం కూడా ఉండేది. కానీ మెయిళ్లు కుప్పలుగా వచ్చిపడటం, ఒకరిద్దరి దురుసుతనం భరించలేక చాలామంది బ్లాగులకు తరలిపోయారు. ఇంకొందరు ఫేస్‌బుక్‌లో, సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో తమ గూళ్లు తాము కట్టుకున్నారు. కాలేజీ ఇచ్చిన చోటు వదిలి పిల్లలు వేరే చోట కూడటం అప్పుడే ఉంది. తేడా అల్లా, సీమెన్స్, డౌన్స్ దాన్ని నేరంగా చూడలేదు.

మన దగ్గర 2017లో వచ్చిన, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సుల్లో వీడియో, చదువుకునే పాఠం, స్వీయపరీక్ష, చర్చావేదిక అని నాలుగు భాగాలు. 2021 యూజీసీ నిబంధనలతో సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు ఇలా చదువుకునే వీలు కలిగింది. ఆ నాలుగో భాగం తెరిచి చూడండి. 'రెస్పెక్టెడ్ సర్, మూడో వారం ఐదో ప్రశ్న కీ తప్పు' అని ఒకరు, 'సేమ్ డౌట్' అని పది మంది. జవాబు వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. గ్రూపులో అయితే రాత్రి 11:59 గడువుకి అరగంట ముందు ఎవరో నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పెడతారు. ఇంకొకరు తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టి ఆ లెక్క ఎక్కడ తిరగబడిందో విడమరిచి చెబుతారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల వేలమంది చూసే ఫోరంలో ఇంగ్లీషులో ప్రశ్న రాయడానికి జంకుతుంది. గ్రూపులో 'అన్నా, ఇదొక్కటి చెప్పవా' అనడానికి జంకదు.

అధ్యాపకుల మాటా కొట్టిపారేసేది కాదు. కాపీ నిజం. గ్రూపులో చేరిన ఆడపిల్లల ఫోన్ నంబర్లు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పడటమూ నిజం.

అయితే ఏ గ్రూపులో? 2016 నుంచి వాట్సాప్ గ్రూపు పరిమితి 256 మంది, అంటే పెద్ద క్లాసులు మూడు నాలుగు. 2022లో అది 1,024 అయింది. టెలిగ్రామ్‌లో రెండు లక్షల దాకా పోవచ్చు. జవాబులు పంచిపెట్టే అంగడి తెరుచుకునేది అంత జనంలోనే. ఇరవై మంది గ్రూపులో ఎవరు కష్టపడుతున్నారో, ఎవరు ఎత్తిరాస్తున్నారో అందరికీ తెలిసిపోతుంది.

ఈ లెక్క పట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. 2020లో మొదలైన ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీలో ఫోరం ఉంది. దాంతోపాటు విద్యార్థులను అడవుల పేర్లున్న హౌస్‌లుగా విడదీశారు, వాటికి విద్యార్థి కార్యదర్శులూ ఉంటారు. అందులో నల్లమల హౌస్ కూడా ఒకటి.

గ్రూపులు మూసేయమంటూ నేను చూసిన నోటీసుల్లో మాత్రం ఇరవై మందినో పాతిక మందినో కాలేజీయే ఒకచోట కూర్చడం గురించి ఒక్క ముక్క లేదు. ఫోరంలో అడిగిన ప్రశ్నకు ఎన్ని గంటల్లో జవాబిస్తారో కూడా లేదు.