సంతకం పెట్టింది కదా అనేవాళ్లకు

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిన మన కోనసీమ మహిళ ఎవరో ఒకరు ఏడుస్తూ వీడియో పంపిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. ఇష్టపడే వెళ్లింది, అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది, దాన్ని బానిసత్వం అంటారా అని. బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ టింకర్ ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నది సరిగ్గా ఈ ప్రశ్ననే.

ఆయన మొదట బర్మా గురించి రాశాడు. మన తాతలు 'రంగం' అన్న ఆ రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలు అనేవారు. తాళ్లరేవు దగ్గరి కోరంగి రేవు వల్ల వచ్చిన పేరది. తర్వాత ఆయన దృష్టి ఇండియా కూలీలు అగ్రిమెంటు మీద పనికి వెళ్లిన మారిషస్, గయానా, ఫిజీ చెరకు తోటల మీదికి మళ్లింది. 1974లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు 'కొత్త రకం బానిస వ్యవస్థ' అని అర్థం.

ఆ మాట టింకర్‌ది కాదు. ఇండియా కూలీలను గయానాకు పంపితే అదే జరగొచ్చని 1840లో బ్రిటన్ వలసల మంత్రి జాన్ రసెల్ స్వయంగా రాశాడు. అంటే పాలకులకు ముందే తెలుసు. అయినా ఇలా కూలీలను బయటికి పంపడంపై 1839లో పెట్టిన నిషేధాన్ని 1842లో మారిషస్ కోసం సడలించారు. మరుసటి ఏడే 'కోరంగి ప్యాకెట్' ఓడ మనవాళ్లతో అక్కడికి చేరింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అక్కడ పని వదిలి వెళ్లిపోవడం నేరం, జైలుశిక్ష పడేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. కూలీలు డబ్బు కూడబెట్టారు, భూములు కొన్నారు, తిరిగొచ్చి తమవాళ్లను తీసుకెళ్లారు అని తర్వాతి చరిత్రకారులు కొందరు వాదించారు. అదీ నిజమే. కానీ ఎలా వెళ్లారన్నది ఒకటి, వెళ్లాక వదిలి రాగలరా అన్నది మరొకటి. టింకర్ ఈ రెండోదాన్ని వదల్లేదు.

ఇప్పుడు రాజోలు నుంచో పాలకొల్లు నుంచో వెళ్లిన ఆడమనిషి పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న అక్కడి యజమాని దగ్గర, ఉండిపోతే, ఆమె ఇల్లు దాటగానే 'పారిపోయింది' అని కేసు పెడితే, ఆ సంతకానికి విలువేముంది? 30 ఏళ్లు నిండని మహిళలకు ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లే అనుమతి మన ప్రభుత్వం ఇవ్వదు. అందుకే ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. నాడు మారిషస్‌లో దిగిన కూలీల పేర్లు, ఊళ్లు రాసిన రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నేటికీ భద్రంగా ఉన్నాయి. విజిట్ వీసా మీద వెళ్లిన ఆడమనిషి పేరు మాత్రం మన దగ్గర పనికి వెళ్లినవాళ్ల లెక్కలోకి రాదు.