బెత్తెడు పిల్ల, మూరెడు చేప

ఎంపరర్ ఏంజెల్ అనే సముద్రపు చేప పిల్లను మొదటిసారి చూసినవాళ్లు ఆ ట్యాంక్ ముందు నుంచి ఓ పట్టాన కదలరు. చేప బెత్తెడు కూడా ఉండదు. ముదురు నీలం ఒంటి మీద తెల్లటి గీతలు, తోక దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్లో ఒకటి ఇమిడిన వలయాలవుతాయి. కొన్నేళ్లు పోయాక అదే చేపను చూస్తే ఎవరో మార్చేశారేమో అనిపిస్తుంది. వలయాలు మాయమై, ఒంటి పొడవునా పసుపు, నీలం చారలు వచ్చి ఉంటాయి. కళ్ల మీద నల్లటి పట్టీ. పొడవు 40 సెంటీమీటర్ల దాకా, అంటే దాదాపు మూరెడు. ఒకప్పుడు శాస్త్రవేత్తలే పిల్లను వేరే జాతి అనుకుని, నికోబార్ పేరు కలిపి దానికో శాస్త్రీయ నామం కూడా పెట్టారు.

ఈ పిల్లకూ పెద్దకూ మధ్య ఉన్న దూరమే సముద్రపు ఏంజెల్ ఫిష్‌లతో వచ్చే అసలు చిక్కు. మనం కొనేది పిల్లను, ఏళ్ల తరబడి పెంచాల్సింది పెద్దదాన్ని.

మంచినీటి ట్యాంకుల్లో కనిపించే త్రికోణపు ఏంజెల్‌కూ వీటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అది దక్షిణ అమెరికా నదుల చేప. సముద్రపు ఏంజెల్స్‌లో 90కి కాస్త అటూ ఇటూగా జాతులున్నాయి. బటర్‌ఫ్లై ఫిష్‌లను చూసి ఇవే అనుకునేవాళ్లు చాలామంది. గుర్తుపట్టాలంటే చెంప కింద చూడాలి. ఏంజెల్‌కు మొప్ప మూత దగ్గర వెనక్కి తిరిగిన గట్టి ముల్లు ఉంటుంది. వలతో పడితే అది దారాల్లో చిక్కుకుని చేపా గింజుకుంటుంది, మన చేయీ గీరుకుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు డబ్బాతో నీళ్లతో సహా ముంచి తీస్తారు.

చారల సంగతి ఇంకా చిత్రం. రసాయనాల వ్యాప్తి, చర్యల వల్లే జీవుల ఒంటి మీద నమూనాలు ఏర్పడవచ్చని 1952లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఊహించాడు. 1995లో జపాన్ పరిశోధకులు కొండో, అసాయి ఈ ఏంజెల్స్‌లోనే దానికి ఆధారం చూపించారు. సెమిసర్కిల్ ఏంజెల్ పిల్లకు 2 సెంటీమీటర్లప్పుడు మూడు చారలుంటాయి. 4 సెంటీమీటర్లకు పెరిగాక, ఉన్న చారలు సాగి వెడల్పు కావు. వాటి మధ్య ఖాళీల్లో కొత్తవి పుడతాయి! ఎంపరర్‌లోనైతే చార ఒకచోట రెండుగా చీలి, ఆ చీలిక జిప్పు తెరుచుకున్నట్టు ముందుకు జరుగుతూ పోతుంది. చేప ఎదిగినా చారల మధ్య ఎడం మాత్రం దాదాపు మారదు.

ఇక తిండి. నా లెక్కలో రంగు, సైజు కన్నా ముందు చూడాల్సింది ఇదే. పెద్ద ఏంజెల్స్‌లో చాలావాటికి రాళ్లకు అంటుకుని బతికే సముద్రపు జీవి స్పాంజే ప్రధాన ఆహారం. కరీబియన్ సముద్రపు రాక్ బ్యూటీ అనే ఏంజెల్ మేతలో స్పాంజ్ వాటా 90 శాతం పైమాటే. అలాంటిది మన ట్యాంక్‌లో ఫ్లేక్స్ (రేకుల్లాంటి ఎండు మేత) చూసి ముఖం తిప్పుకుంటే ఆశ్చర్యమేముంది? రీగల్ ఏంజెల్ కూడా ఇంతే, చూడ్డానికి రాజా, తిండి దగ్గర మహా పేచీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండింటి జోలికి పోకపోవడమే మంచిది. ఎంపరర్ తిండికి అంత సతాయించదు గానీ, దానికి 800 లీటర్లకు తక్కువ ట్యాంక్ ఇరుకే.

ఇంట్లో పెంచుకోవాలంటే చూడాల్సింది మరగుజ్జు ఏంజెల్స్‌ను. కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ ఏంజెల్ లాంటివి సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. రోజంతా రాళ్ల సందుల్లో దూరుతూ, నాచు గీక్కుంటూ తిరుగుతాయి. కాబట్టి నిన్నమొన్న నీళ్లు నింపిన ట్యాంక్ పనికిరాదు. కొన్ని నెలలు గడిచి, రాళ్ల మీద నాచు పట్టి ఉండాలి. చిన్నవి కదా అని రెండు మూడు కలిపి వేస్తే మాత్రం టెన్షన్ తప్పదు. జాగా కోసం తరుముకుంటూనే ఉంటాయి. పుట్టుకతో ఇవి ఆడవి, గుంపులో పెద్దది మగగా మారుతుంది. పగడాలున్న ట్యాంక్‌లో వీటిని వేయడం కొంత జూదమే. ఒకే జాతిలో ఒక చేప పగడాన్ని ముట్టదు, ఇంకొకటి రోజూ కొరుకుతుంది.

పగడాలు ముఖ్యమనుకునేవాళ్లకు జెనికాంథస్ అనే ఏంజెల్ జాతులున్నాయి. నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులను (ప్లాంక్టన్) తినే రకం కాబట్టి పగడాల జోలికి పోవడం అరుదు. కాకపోతే ఈదడానికి బాగా చోటు కావాలి.

ఏ జాతిని ఎంచుకున్నా, డబ్బిచ్చే ముందు దుకాణంలో ఒక్క పని చేయండి. మీ కళ్లముందే దానికి మేత వేయమనండి. వేసిన రొయ్య ముక్కను అందుకుని, వెంటనే ఇంకోదాని కోసం వెతుకుతోందా, లేక నోట్లో పెట్టుకుని ఉమ్మేసి రాయి వెనక్కి పోతోందా? ఉమ్మేస్తే ఆ రోజుకు దాన్ని అక్కడే ఉండనివ్వండి.