ఒక్క 'పర్మిషన్ డినైడ్' వెనుక ఎనిమిదేళ్ల కథ

అమీర్‌పేట గదిలో నేనూ మా పిన్ని కొడుకూ కలిసి వాడే పాత సర్వర్ ఒకటుంది. దాంట్లోని ఉబుంటు లినక్స్‌ని 20.04 నుంచి 22.04 వెర్షన్‌కి మార్చాను. ఆ తర్వాతే వాడికి ఖాతా తెరిచాను. నా కంటైనర్ (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే చిన్న లినక్స్) లేచింది, వాడిది 'పర్మిషన్ డినైడ్' అంటూ లేవలేదు. మెషీన్ అదే, కాన్ఫిగ్ అదే. "సూడో కొడితే పోలా అన్నా?" అన్నాడు. సూడో అంటే రూట్ అధికారంతో, అంటే సర్వాధికారాలున్న ఖాతా పేరుతో నడపడమే. ఆ రూట్ లేకుండా నడపాలనే కదా ఈ తిప్పలన్నీ!

మామూలు యూజరు కూడా కంటైనర్ నడుపుకునే వీలు 2013 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 3.8తో కుదిరింది. ఎరిక్ బీడర్‌మన్ ఏళ్లతరబడి పనిచేసిన యూజర్ నేమ్‌స్పేస్‌లు (యూజర్ నంబర్లను లోపల ఒకలా, బయట ఒకలా చూపే ఏర్పాటు) అందులో ఒక కొలిక్కి వచ్చాయి. మరుసటి ఏడాది, కంటైనర్లు నడిపే ఎల్‌ఎక్స్‌సీ 1.0 వాటిని వాడకంలోకి తెచ్చింది. కిటుకు చిన్నదే. కంటైనర్ లోపలి రూట్ యూజర్ నంబరు 0, కానీ బయటి సిస్టమ్ లెక్కలో అది 100000. లోపల దొర, బయట ముక్కూమొహం తెలియని మనిషి. ఒక్కో యూజరుకి 65536 నంబర్ల వాటా ఉంటుంది. ఎవరిది ఎక్కడ మొదలవుతుందో సబ్‌యూఐడీ ఫైల్లో రాసి ఉంటుంది.

కంటైనర్ ఫైళ్లుండేది మన హోమ్ డైరెక్టరీలోనే. అక్కడిదాకా వెళ్లాలంటే ఆ ముక్కూమొహం తెలియని మనిషికి దారిలోని ప్రతి డైరెక్టరీ మీదా ఎక్స్ పర్మిషన్ (దాటి వెళ్లే అనుమతి) కావాలి. ఫ్లాట్ తాళం జేబులో ఉన్నా, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తే అంతే సంగతి. ఉబుంటులో హోమ్ పర్మిషన్ చాలాకాలం 755గా ఉండేది, ఎవరైనా తొంగిచూడొచ్చు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 నుంచి కొత్త ఖాతాల హోమ్‌ని 750 చేశారు, అంటే బయటివాళ్లకి ఎక్స్ కూడా లేదు. ఆ పని ఎప్పుడో చేయాల్సింది, నన్నడిగితే. పాత ఖాతాలను మాత్రం ముట్టుకోలేదు. మా ఇద్దరికీ తేడా అక్కడే వచ్చింది.

వాడు నెట్‌లో వెతికి, ఒక్కో యూజరుకి విడిగా పర్మిషన్ ఇచ్చే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌తో తన హోమ్ మీద 100000కి ఎక్స్ ఇచ్చాడు. మళ్లీ అదే ఎర్రర్. సబ్‌యూఐడీ తెరిచి చూస్తే 100000 నా వాటా. వాడిది 165536 నుంచి మొదలు. నంబరు మార్చగానే ఆ ఎర్రర్ పోయింది.

ఇంకోటి మిగిలింది, తప్పు నాదే. నా లాగిన్‌లోంచి 'సు' (వేరే యూజరుగా మారే కమాండ్) కొట్టి వాడి ఖాతాలోకి వెళ్లి స్టార్ట్ చేశాను. 22.04లో సీగ్రూప్ (ప్రోగ్రాములను గుంపులుగా పెట్టి సీపీయూ, మెమరీ వాటాలు చూసే ఏర్పాటు) వెర్షన్ 2 ఉంటుంది. సెషన్ నాదే కాబట్టి సీగ్రూప్ కూడా నా పేరు మీదే ఉంది, వాడి కంటైనర్‌ని అందులో రాయనివ్వదు. వాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా) నేరుగా లాగిన్ అయ్యి, సిస్టమ్‌డీ-రన్ కమాండ్‌కి డెలిగేట్ (సీగ్రూప్ పెత్తనం అప్పగించే ఆప్షన్) జోడించి స్టార్ట్ చేశాక లేచింది.

24.04కి ఇంకా వెళ్లలేదు. అందులో యూజర్ నేమ్‌స్పేస్‌ల మీద యాప్‌ఆర్మర్ (ప్రోగ్రాములకి హద్దులు గీసే భద్రతా ఏర్పాటు) కాపలా కూడా ఉంది.