పొగ చూసి ఇంజన్ దించకండి: పాత టాటా కమిన్స్ 5.9 గురించి అపోహలు, వాస్తవాలు

నెలకి ముగ్గురైనా ఇదే మాటతో షెడ్డులోకి వస్తారు. "మేస్త్రీ, బండి నీలం పొగ కొడుతోంది, బోరింగ్‌కి ఎంతవుద్ది?" బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ కన్నాల్ని కాస్త పెద్దవి చేసి, వాటికి తగ్గ పెద్ద పిస్టన్లు వేయడం. ఎంతవుతుందని అడుగుతారు గానీ, అసలు అవసరమా అని అడగరు. ఆ తీర్పు అప్పటికే ధాబా దగ్గర పక్క లారీ డ్రైవరో, టైర్ల కొట్లో కూర్చున్న పెద్దాయనో ఇచ్చేసి ఉంటాడు. ఈమధ్య ఆ పని వాట్సాప్ వీడియోలు చేస్తున్నాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా డీజిల్ ఇంజన్ల పని చేస్తున్నాను. ఎక్కువగా 2515 లాంటి పాత టాటా బళ్లలో వచ్చిన కమిన్స్ సిక్స్ సిలిండర్ ఇంజన్లే. (2515 అంటే 25 టన్నుల బండి, 150 హార్స్‌పవర్. 1613 అంటే 16 టన్నులు, 130. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లలో ఇది తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు.)

ఈ ఇంజన్ పుట్టింది 1980ల్లో అమెరికాలో. అక్కడ 1989 నుంచి డాడ్జ్ పికప్ బళ్లకి బిగించారు. 1993లో టాటా, కమిన్స్ చేయి కలిపాక జంషెడ్‌పూర్‌లో తయారై మన లారీలకెక్కింది. బోరు (సిలిండర్ కన్నం వెడల్పు) 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 120, మొత్తం 5.9 లీటర్లు. సిలిండర్‌కి రెండు వాల్వులు. టైమింగ్‌కి బెల్టు లేదు, చైనూ లేదు, అన్నీ పళ్ల చక్రాలే. తెగేది, సాగేది ఏమీ లేదు కాబట్టే సరిగ్గా చూసుకుంటే ఏళ్లకేళ్లు నడుస్తుంది.

ఓనర్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఈ బ్లాకులో లైనర్లు (అరిగితే తీసి మార్చుకునే సిలిండర్ గొట్టాలు) లేవు. పిస్టన్ నేరుగా బ్లాకు ఇనుములోనే ఆడుతుంది. బోరింగ్ చేస్తే మొదట 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్, ఆ తర్వాత 1.00. అంతే. ఆపైన స్లీవు (లోపల కొత్త గొట్టం) దించాలి, అది వేరే ఖర్చు, వేరే తలనొప్పి. లైనర్లు మార్చే ఇంజన్లకి అలవాటు పడ్డవాళ్లు "ఎలాగూ దించాం కదా, బోరు కూడా కొట్టేద్దాం" అంటారు. ఈ బ్లాకు దగ్గర ఆ మాట అనకూడదు. అక్కర్లేకుండా బోరింగ్ చేయిస్తే ఉన్న రెండు మెట్లలో ఒకటి ఊరికే పోతుంది.

ఇక అసలు అపోహ: నీలం పొగ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు అరిగి అయిపోయినట్టే.

కాదు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. ఆ ఆయిల్ ఏ దారిన వస్తోందో పొగ చెప్పదు. రింగుల దారిన రావచ్చు, వాల్వు కాడ ఆడే గైడుల దారిన రావచ్చు, టర్బో (ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి కొట్టే చక్రాల జత) దారిన రావచ్చు. నా దగ్గరికి వచ్చే బళ్లలో ముందు చూసేది టర్బోనే. అలాగని టర్బో పాడైందనీ కాదు!

టర్బోలో సీలు అంటే రబ్బరు ముక్క అనుకుంటారు. అక్కడ ఉండేది పిస్టన్ రింగు లాంటి సన్నని ఇనుప రింగు. ఆయిల్‌ని లోపల ఆపేది ఆ రింగు ఒక్కటే కాదు, బయట చక్రం వైపున్న గాలి ఒత్తిడి కూడా. కిందికి జారే ఆయిల్ తన బరువుతోనే డ్రెయిన్ పైపులోంచి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టిలోకి) పోవాలి, తోసే పంపేమీ లేదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే చక్రం వెనకాల వాక్యూమ్ ఏర్పడి ఆయిల్‌ని లాగేస్తుంది. డ్రెయిన్ పైపు నలిగినా, మడ్డి పట్టినా, సంపులో ఒత్తిడి పెరిగినా ఆయిల్ కిందికి దిగక సీలు దాటి పక్కకి పోతుంది. బండి నిలిపి గంటల తరబడి ఇంజన్‌ని స్లోలో ఆన్‌లో ఉంచినా అంతే. ఈ సందర్భాల్లో కొత్త టర్బో బిగించినా పొగ ఆగదు.

అందుకే ఇంజన్ దించే ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డు (ఆరు సిలిండర్ల పొగ కలిసే పైపు) విప్పి చూడమంటాను. ఆరు పోర్టులూ పొడిగా ఉండి, టర్బో దాటాక పైపు మాత్రం తడిగా ఉంటే ఆయిల్ వస్తున్నది టర్బో నుంచే, ఎగ్జాస్ట్ వైపు. ఒక్క పోర్టే తడిగా ఉంటే ఆ సిలిండర్ సంగతి చూడాలి. ఆరూ తడిగా ఉంటే ముందు ఇన్‌టేక్ హోసు విప్పండి. అందులో ఆయిల్ కారుతుంటే టర్బో గాలి వైపు నుంచే ఇంజన్‌లోకి పోతోంది. హోసు పొడిగా ఉంటే అప్పుడు బోరు గురించి మాట్లాడుకోవచ్చు. ఇదంతా ఒక పూట పని.

రెండేళ్ల కిందట నందిగామ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. జగ్గయ్యపేట సిమెంటు లోడ్లు కొడతాడు. వాళ్లావిడ గొలుసు కుదువ పెట్టి పాత 2515 కొని ఎనిమిది నెలలు, ఇంకా కిస్తీలు నడుస్తున్నాయి. వేరే చోట చూపిస్తే ఫుల్ ఇంజన్ పని, క్రాంకు కూడా గ్రైండింగ్ అన్నారట. రాత్రంతా నిద్రలేదని మొహమే చెబుతోంది.

ఇంజన్ వేడిగా ఉండగా స్లోలో పెట్టి, ఆయిల్ పోసే మూత విప్పి తలకిందులుగా ఆ కన్నం మీద పెట్టాను. బ్యాక్ కంప్రెషన్ (రింగులు దాటి సంపులోకి వచ్చే గాలి) చూడడానికి అందరూ చేసేదే. మూత గంతులేసి కింద పడింది. "చూశావా అన్నా, వాళ్లు చెప్పింది నిజమే" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. ఒక్క క్షణం నేనూ అలాగే అనుకున్నాను.

కానీ మా షెడ్డు కుర్రాడు బ్రేకు గాలి ట్యాంకు డ్రెయిన్ తిప్పేసరికి నీళ్లతో కలిసి నల్లటి ఆయిల్ చిమ్మింది. అప్పుడు మూత మళ్లీ పెట్టి గాలి గేజీ చూస్తూ నిలబడ్డాం. గాలి నిండి అన్‌లోడర్ (ట్యాంకు నిండాక ఎక్కువైన గాలి వదిలే వాల్వు) తుస్సుమని వదలగానే మూత గంతులు ఆగిపోయాయి. బ్రేకు నాలుగుసార్లు తొక్కి గాలి దించితే మళ్లీ మొదలు. నాలుగుసార్లు చేసి చూపించాను అతనికి. సంపులోకి గాలి కొడుతున్నది ఇంజన్ పిస్టన్లు కాదు, పక్కన ఉన్న బ్రేకు కంప్రెసర్! దాని రింగులు అరిగి గాలి సంపులోకి పోతోంది. ఆ ఒత్తిడికి టర్బో ఆయిల్ కిందికి దిగట్లేదు. దిగనిది పొగై బయటికొస్తోంది.

కంప్రెసర్ కిట్ మార్చాం, టర్బో డ్రెయిన్ పైపు కడిగాం, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాం. మర్నాడు చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర నుంచి ఫోను, ఇంకా పొగ వస్తోందని ఏడుపు గొంతుతో. సైలెన్సర్‌లో పేరుకున్న ఆయిల్ కాలిపోయేదాకా వస్తుంది, లోడ్ మీద రెండు రోజులు నడుపు అన్నాను. మూడోరోజు ఫోను రాలేదు. నేనే చేస్తే "ఆ, ఏం లేదన్నా, బానే ఉంది" అని పెట్టేశాడు.

ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. సొంత షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక బండికి పొగ చూసి బోరింగ్ చేయించాను. నాలుగోరోజు అదే పొగతో తిరిగొచ్చింది. చూస్తే టర్బో డ్రెయిన్ పైపు నలిగి ఉంది. పాత పిస్టన్లు ఇంటికి తీసుకెళ్లి కొలిస్తే అరుగుదల పెద్దగా లేదు. ఆ ఓనర్‌కి లేబర్ డబ్బులు తిరిగిచ్చాను గానీ, బ్లాకులోంచి తీసిన అరమిల్లీమీటరు ఎక్కడి నుంచి తెచ్చివ్వను?

నిజంగా రింగులు పోయిన ఇంజన్లు లేవని కాదు. పొద్దున స్టార్టింగ్ బరువెక్కుతుంది, అన్‌లోడర్ వదిలాక కూడా మూత ఎగురుతుంది, కంప్రెషన్ గేజీ పెడితే తక్కువ చూపిస్తుంది. ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని లీటర్ల ఆయిల్ పోశారో డ్రైవర్ పుస్తకంలో రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఊహల మీద మాట్లాడక్కర్లేదు. అలా అరిగిన బోర్ల వెనక నేను ఎక్కువగా చూసింది వయసు కాదు, దుమ్ము. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య హోసు క్లిప్పు వదులైతే చాలు. ఫిల్టర్‌ని గాలి గన్నుతో కొట్టి కొట్టి కాగితం చింపేసేవాళ్లు ఇంకో రకం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, పీకెయ్." పీకకండి. ఇంజన్ నీళ్లని రేడియేటర్‌కి వదిలే ఈ వాల్వు 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, తెరుచుకుంటూనే బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, ఘాట్ ఎక్కుతున్నప్పుడు వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తాయి. చల్లబడుతుందని పీకింది కాస్తా హెడ్ గ్యాస్కెట్ మీదికొస్తుంది.

"టర్బో షాఫ్టు ఊగుతోంది, పోయింది." పక్కలకి కొంచెం ఊగాలి, ఆయిల్ పొర మీద తేలే షాఫ్టు అది. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా కదిలినా, చక్రం గోడకి రాసుకున్నా మార్చండి.

"పంపులో డీజిల్ పెంచితే పికప్." నల్లపొగ కూడా. లోడ్ మీద పిస్టన్ తల కరిగాక నా దగ్గరికి వస్తారు.

"చలికాలం పొద్దున్నే తెల్లపొగ, హెడ్డు పోయింది." ఇంజన్ వేడెక్కాక ఆగిపోతే ఏమీ పోలేదు. టీ తాగి రండి.

"టకటక శబ్దం, ఇంజన్ ముసలిదైంది." టాపెట్లు (వాల్వుల సందు) చూపించి ఎన్నాళ్లయింది? చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ఎగ్జాస్ట్ ఇరవై థౌ.

ఇంటర్నెట్ చూసే కుర్రాళ్లు ఇప్పుడు కొత్తగా అడుగుతున్నది "కిల్లర్ డోవెల్ పిన్" గురించి. అది మాత్రం ఉత్త పుకారు కాదు. టైమింగ్ గేర్ల హౌసింగ్‌లో చిన్న ఇనుప పిన్ను వదులై గేర్ల మధ్య పడితే లోపల నాశనమే. దానికోసం ఉన్నపళంగా ఇంజన్ విప్పించనక్కర్లేదు. వేరే పనికి ముందు కవరు విప్పినప్పుడు దాని మీదికి చిన్న రేకు బిగించి మూస్తే సరి. నా దగ్గర ముందు కవరు విప్పిన ఏ 5.9 అయినా ఆ రేకు లేకుండా బయటికి పోదు.