ఎం-బుక్ నిండితే పని అయినట్టేనా? మున్సిపల్ పనుల ఆడిట్‌పై అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు లాంటి నగరపాలక సంస్థల్లో రోడ్లు, డ్రెయిన్లు, పైపులైన్ల ఖర్చుపై రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీ మీద కొన్ని తప్పు నమ్మకాలు ఇంజినీరింగ్ సెక్షన్లలోనూ ఉన్నాయి, కాలనీ సంఘాల్లోనూ ఉన్నాయి.

అపోహ: ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) కొలతలు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) సంతకాలు ఉంటే బిల్లుకు తిరుగులేదు.

వాస్తవం: ఆ కొలతలు నేల మీద కనిపించాలి, తేదీలు ఒకదానితో ఒకటి కలవాలి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం సీసీ రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. మందం 120కి తగ్గితే పడేది 36 మాత్రమే. అంటే ఐదో వంతు కాంక్రీటు పోయకుండానే బిల్లు పెట్టినట్టు. అంచు దగ్గర టేపు పెట్టి చూస్తే ఇది దొరకదు. అంచున మందం సరిగ్గా ఉంచి, మధ్యలో గ్రావెల్ ఎత్తుగా వదిలేస్తారు. రోడ్డు మధ్యలోంచి కోర్ (పూర్తి మందం తెలిసేలా తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీయించాల్సిందే. 1:1.5:3 మిక్స్‌కు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు కావాలి కాబట్టి 45కు 360 బస్తాలు. సిమెంటు బిల్లుల్లో 250 బస్తాలే ఉంటే మిగతావి ఎక్కడివని అడగాలి.

ఇక తేదీలు. మే 2న కాంక్రీటు పోసినట్టు ఎం-బుక్‌లో ఉండి, 28 రోజుల క్యూబ్ రిపోర్టు (కాంక్రీటు దిమ్మెను 28 రోజుల తర్వాత పరీక్షించి ఇచ్చే బలం నివేదిక) మే 20నే వచ్చిందంటే ఆ రిపోర్టుకు విలువ లేదు. చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి కొలతలను సరిచూడటం) తేదీ కొలతలు రాసిన తేదీకి ముందున్నా అంతే.

కప్పబడిపోయే పనుల్లో మరీ జాగ్రత్త కావాలి. డ్రెయిన్ పూడికతీతకు పనికి ముందు, తర్వాత లెవల్స్ (అడుగు ఎత్తు కొలతలు) లేకపోతే ఒక్క వానతో ఆధారం కొట్టుకుపోతుంది. భూగర్భ డ్రైనేజీలో తవ్వకం లోతు చూడాలంటే మ్యాన్‌హోల్ మూత తీసి ఇన్వర్ట్ లెవల్ (పైపు లోపలి అడుగు మట్టం) కొలవడమే దారి.

అపోహ: ఎంత తక్కువకు టెండర్ వేస్తే ప్రజల సొమ్ము అంత మిగిలినట్టు.

వాస్తవం: మరీ తక్కువకు తీసుకుంటే పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. దీన్ని ముందే ఊహించి, 2003 నాటి జీవో 94లో నిబంధన పెట్టారు. టెండర్ అంచనా కాంట్రాక్టు విలువకంటే 25 శాతానికి మించి తగ్గితే, ఆ విలువలో 75 శాతానికీ టెండర్ మొత్తానికీ ఉన్న తేడాను అదనపు సెక్యూరిటీగా కట్టాలి. 40 లక్షల పని 27 లక్షలకు తీసుకుంటే 30లో 27 పోగా 3 లక్షలు. ఈ సెక్యూరిటీకి బ్యాంకు గ్యారంటీ తీసుకుంటారు గానీ దాని గడువు పొడిగించడం మర్చిపోతారు. పని మధ్యలో ఆగేసరికి ఆ కాగితం చెల్లదు. డీవియేషన్ స్టేట్‌మెంట్ (ఎస్టిమేట్‌కూ చేసిన పనికీ ఉన్న తేడాల పట్టిక) కూడా తప్పక చూడాలి: కాంట్రాక్టరుకు లాభం మిగిలే ఐటెమ్‌లు పెరిగి, గిట్టుబాటు కానివి తగ్గాయంటే నష్టం అక్కడే పూడ్చుకున్నారేమోనని వెతకాలి.

అపోహ: ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేటే వేశాం, ఎస్టిమేట్‌లో తప్పేముంది?

వాస్తవం: తప్పు లీడ్‌లో (సామగ్రి తెచ్చే దూరం లెక్కలో) దాక్కుంటుంది. కంకర 40 కిలోమీటర్ల నుంచి వచ్చినట్టు లెక్క కట్టి, రవాణా పర్మిట్లు దగ్గరి క్వారీవి జత చేస్తే రవాణా ఖర్చు ఎక్కువ చెల్లించినట్టే. పర్మిట్లు అసలే లేకపోతే సీనరేజి (ఖనిజాలపై ప్రభుత్వానికి కట్టే రుసుము) బిల్లులో కోశారా అని చూడాలి.

అపోహ: ఒకే రోడ్డును మూడు పనులుగా చేసుకోవచ్చు.

వాస్తవం: మొత్తం విలువకు మంజూరు ఇవ్వగల అధికారి అనుమతిస్తేనే. వరుస నంబర్ల ఎస్టిమేట్లు, ఒకే తేదీ, ఒకే కాంట్రాక్టరు కనిపిస్తే, టెండర్ పరిమితిని తప్పించుకోవడానికే ముక్కలు చేశారని అభ్యంతరం వస్తుంది.

అపోహ: ఆడిట్ పేరా (ఆడిట్ నివేదికలో రాసే అభ్యంతరం) పడిందంటే అవినీతి తేలినట్టే.

వాస్తవం: కాదు. రికార్డులతో సరైన జవాబిస్తే పేరా డ్రాప్ అవుతుంది. జవాబే ఇవ్వకుండా ఏళ్లు గడిపేయడమే అసలు జబ్బు. బాధ్యులు బదిలీ అయిపోతారు, ఎం-బుక్‌లు దొరకవు, రికవరీ కాగితాలకే పరిమితమవుతుంది.

అపోహ: ఈ రికార్డులేవీ మామూలు జనానికి చూపించరు.

వాస్తవం: 2005 సమాచార హక్కు చట్టం పనులను తనిఖీ చేసే హక్కును, సర్టిఫై చేసిన నమూనాలు తీసుకునే హక్కును కూడా ఇచ్చింది. దరఖాస్తులో ‘మా వీధి రోడ్డు వివరాలు’ అని రాస్తే పొడి జవాబే వస్తుంది. పని పేరు, అగ్రిమెంట్ నంబరు రాసి, ఎస్టిమేట్, ఎం-బుక్ పేజీలు, క్యూబ్ రిపోర్టులు, డీవియేషన్ స్టేట్‌మెంట్ నకళ్లు విడివిడిగా అడగండి.